పాత పట్టీలు, మెట్టెలు అమ్మితే ఎంత రావాలి?

పాత వెండి అమ్మడానికి దుకాణానికి వెళ్తే చివరికి మనకు వినిపించేది ఒకే ఒక్క అంకె. వస్తువును కాటా మీద పెడతారు, రాయి మీద గీస్తారు లేదా మిషన్లో చూస్తారు, కాలిక్యులేటర్ నొక్కి "మూడు వేల ఆరు వందల డెబ్బై వస్తుందమ్మా" అంటారు. పట్టీల జత 62 గ్రాములు తూగింది. ఫోన్లో రేటు గ్రాముకు 100 చూపిస్తోంది. మన లెక్కలో ఆరు వేల రెండు వందలు. మధ్యలో 2,530 రూపాయలు ఎక్కడికి పోయినట్టు? అందులో ఎక్కువ భాగం న్యాయంగానే పోయింది, ఎందుకంటే ఆ పట్టీల్లో 62 గ్రాముల వెండి ఎప్పుడూ లేదు. మిగతాది మనం విడమరిచి అడగకపోవడం వల్ల పోయింది. ఏది ఎంతో విడదీసి చూసుకోగలిగితే దుకాణం ముందు నిలబడ్డప్పుడు టెన్షన్ ఉండదు, గొడవపడాల్సిన పనీ ఉండదు.

లెక్క నాలుగు అంకెల మీద నడుస్తుంది. వస్తువు నికర బరువు, అందులో మేలిమి (శుద్ధ వెండి) శాతం, ఆ రోజు మేలిమి వెండి రేటు. ఈ మూడింటినీ గుణిస్తే లోహం విలువ వస్తుంది. అందులోంచి దుకాణం పట్టుకునే కోత నాలుగోది. వెండి రేటు ఈమధ్య ఎలా ఎగిరిపడుతోందో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ గ్రాము 100 రూపాయలు అనే గుండ్రటి అంకె పట్టుకుంటున్నాను. మీరు అమ్మే రోజున గ్రాము 150 ఉంటే నా లెక్కలన్నిటినీ ఒకటిన్నరతో, 250 ఉంటే రెండున్నరతో గుణించుకోండి. శాతాలు మాత్రం మారవు.

రేటు గురించి ముందే ఒక మాట. ఫోన్లో కనబడే రేట్లన్నీ ఒకటి కావు. వార్తల్లో "హైదరాబాద్‌లో కిలో వెండి ఇంత" అని వచ్చేది చాలాసార్లు మనం కొనేటప్పటి ధర. ముంబైలోని ఇండియా బులియన్ అండ్ జువెలర్స్ అసోసియేషన్ రోజూ ప్రకటించే రేటులో జీఎస్టీ ఉండదు. సరుకుల ఒప్పందాలు జరిగే మార్కెట్ ఎంసీఎక్స్ తెరమీద కదిలేది రాబోయే నెలల ఒప్పందాల ధర. పాత వెండి అమ్మేటప్పుడు జీఎస్టీ లేని, 999 మేలిమి (వెయ్యి భాగాల్లో 999 వెండి) రేటునే ఆధారంగా తీసుకోవాలి. పన్ను కలిసిన రేటు పట్టుకుని వెళ్తే మొదటి అడుగులోనే 3 శాతం ఎక్కువ ఆశిస్తాం, తర్వాత దుకాణదారు చెప్పే ప్రతి మాటా మోసంలాగే వినిపిస్తుంది.

బరువు ఎక్కడ తప్పుతుంది

పెద్ద వెండి కంచానికి తూకంలో పదో వంతు గ్రాము అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు. 3 గ్రాముల మెట్టెకు అదే తేడా 3 శాతం దాటుతుంది. అందుకే చిన్న వస్తువుల్ని ఒక్కొక్కటిగా తూచి, ఒక్కొక్కసారీ కిందికి సవరించి కూడితే నష్టం మనకే. ఒకే మేలిమి ఉన్నవన్నీ కలిపి ఒకేసారి తూచాలి. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే తూచి రాసుకుంటే చాలా ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. వంటింటి కాటా ఇందుకు పనికిరాదు. అది గ్రాముకు తక్కువ చూపించదు. దుకాణంలోని కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దాన్ని ఏటా పరీక్షించి ముద్ర కొత్తగా వేయించుకోవాలి. మీ వస్తువు పెట్టకముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడటం మర్చిపోకండి.

ఆ తర్వాత వెండి కానిదాన్ని తీసేయాలి. పట్టీల మువ్వల్లో గలగలలాడే గింజలు చాలావాటిలో వెండివి కావు. మెట్టెల మీద రాళ్లు, మీనా రంగు, గొలుసు కొక్కెంలో ఉండే ఉక్కు స్ప్రింగు, నల్లపూసలు, దారం, ఇవన్నీ తూకంలో కలుస్తాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు లక్క. పాతకాలపు బోలు కడియాల్లో, పిల్లల మురుగుల్లో లోపల లక్క నింపి ఉంటుంది. బయటికి బరువైన వెండి కడియంలా అనిపించినా కరిగించేదాకా అసలు బరువు తేలదు. రాళ్లు తీసేయగలిగితే ఇంట్లోనే తీసేసి తూచండి. తీయలేకపోతే దుకాణదారు ఎంత తీస్తున్నాడో గ్రాముల్లో అడగండి, "కొంచెం రాళ్లకు పోతుంది" అనే మాటతో వదిలేయొద్దు. మన పట్టీల్లో మువ్వల గింజలు, రాళ్లు కలిపి 2 గ్రాములు అనుకుందాం. నికరం 60 గ్రాములు.

తులాల్లో మాట్లాడేచోట ఇంకో జాగ్రత్త. పాత తులం 11.664 గ్రాములు. ఇప్పుడు మార్కెట్లో తులం అంటే 10 గ్రాములనే అర్థంలో వాడేవాళ్లు ఎక్కువ. అమ్మమ్మ పెళ్లికి ముప్పై తులాల పట్టీలు పెట్టారని ఇంట్లో చెప్పుకుంటుంటే అవి 350 గ్రాములో 300 గ్రాములో మాటను బట్టి తేలదు. దానికి తోడు రోజూ తొడిగిన మెట్టె, పట్టీ ఏళ్ల మీద అరిగిపోతాయి. కాబట్టి పాత బిల్లులోని బరువును నమ్ముకుని లెక్క కట్టకండి, ఇవాళ తూచిందే లెక్క.

నలుపెక్కిన వెండిని అమ్మే ముందు మెరిసేలా తోమాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన సన్నని పొర, అందులో బరువు ప్రకారం 87 శాతం వెండే. పొడి వేసి గట్టిగా రుద్దితే పోయేది మీ వెండే. పట్టీల లింకుల మధ్య పేరుకున్న మట్టి, సబ్బు, నూనె జిడ్డు మాత్రం గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడిగి, బాగా ఆరబెట్టి తీసుకెళ్లండి. మురికిని చూపించి "తరుగు ఎక్కువ పోతుంది" అనే మాటకు అవకాశం ఉండదు.

మేలిమి, అసలైన ప్రశ్న

శుద్ధమైన వెండి మెత్తన. దానితో పట్టీ చేస్తే తొందరగా వంగిపోతుంది. అందుకే రాగి కలుపుతారు. వెయ్యి భాగాల్లో 925 వెండి ఉంటే స్టెర్లింగ్, మన షాపుల భాషలో "తొంభై రెండున్నర". అంతకంటే తక్కువవి కూడా బోలెడు. వ్యాపారంలో దీన్ని "టచ్" అంటారు. 80 టచ్ అంటే నూరు గ్రాముల్లో 80 వెండి. సేలం నుంచి, కొల్హాపూర్ దగ్గరి హుపరి నుంచి, ఆగ్రా నుంచి వచ్చి మన ఊళ్లలో అమ్ముడుపోయే పట్టీల్లో రకరకాల టచ్‌లు ఉంటాయి. కొనేటప్పుడు టచ్ గురించి మనకు ఎవరూ చెప్పరు, మనమూ అడగం. గ్రాముకు ఇంత అని బోర్డు మీద ఉన్న ధర కట్టేస్తాం. అమ్మేటప్పుడే ఆ మాట మొదటిసారి వింటాం. పాత వెండి వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 75 టచ్ వస్తువును మేలిమి ధరకు కొన్న రోజే నష్టం జరిగిపోయింది. అమ్మిన రోజున అది బయటపడుతుందంతే.

వస్తువు మీద ముద్ర ఉంటే ఏమిటి? "925" అనో "92.5" అనో కొట్టి ఉన్నంత మాత్రాన అది హాల్‌మార్క్ కాదు. ఆ అంకెను తయారీదారు ఎవరైనా కొట్టుకోవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హాల్‌మార్క్ అయితే ఆ సంస్థ గుర్తు తప్పనిసరిగా ఉంటుంది. బంగారానికి హాల్‌మార్క్‌ను 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు, వెండికి ఇంకా ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల కోడ్ వచ్చింది. అది ఉన్న వస్తువును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మన డబ్బాల్లోని పాత పట్టీల మీద ఇవేవీ ఉండవు. దుకాణం పేరులోని రెండు పొడి అక్షరాలు ఉంటాయి. ఆ దుకాణం ఇంకా ఉంటే మొదట అక్కడికే వెళ్లడం మేలు. తాము అమ్మిన వస్తువు టచ్ వాళ్లకు తెలుసు, బిల్లు ఉంటే తిరిగి కొనే షరతు కూడా దాని మీద రాసి ఉండవచ్చు.

చిన్న వస్తువులకే ప్రత్యేకమైన మరో సంగతి టంకం. పట్టీలో ప్రతి లింకూ, ప్రతి మువ్వా ఎక్కడో ఒకచోట అతికించి ఉంటుంది. టంకం తక్కువ వేడికే కరగాలి కాబట్టి అందులో వెండి తక్కువ, రాగి, జింకు ఎక్కువ. కంచం లాంటి పెద్ద వస్తువులో అతుకులు ఒకటో రెండో. పట్టీలో వందల అతుకులు ఉండొచ్చు. చైను 80 టచ్ ఉండి, మొత్తం బరువులో పదో వంతు టంకమే అయి, ఆ టంకంలో వెండి సగమే ఉంటే సగటు 77కు దిగుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. మన పట్టీల సగటు 75 అనుకుందాం. 60 గ్రాముల్లో అసలు వెండి 45 గ్రాములు. లోహం విలువ 4,500 రూపాయలు. ఆరు వేల రెండు వందల దగ్గర మొదలైన ఆశ ఇక్కడిదాకా దిగడం సబబే.

పరీక్షల్లో దేన్ని ఎంత నమ్మాలి

అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదని చెప్పొచ్చు. అంటుకోకపోతే వెండేనని చెప్పలేం. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అంటుకోవు. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇప్పుడు విపరీతంగా పంచుతున్న జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెల్లో వెండి అస్సలు లేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. పాత డబ్బాలోంచి తీసేటప్పుడు మొదట వీటిని పక్కన పెట్టాలి.

నీళ్లలో ముంచి సాంద్రత కొలిచే పద్ధతి ఇంట్లో చేసుకోవచ్చు. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, వస్తువును దారానికి కట్టి గ్లాసు అడుగూ అంచూ తగలకుండా నీళ్లలో వేలాడదీస్తే కాటా చూపించేది అది తోసిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ వెండికి 10.49, స్టెర్లింగ్‌కు సుమారు 10.36, ఇత్తడికి, జర్మన్ సిల్వర్‌కు ఎనిమిదిన్నర ప్రాంతం. వెండా కాదా అన్నది దీనితో బాగానే తేలుతుంది. ఎంత వెండి అన్నది తేలదు. 70 టచ్ సాంద్రత దాదాపు 9.98. స్టెర్లింగ్‌కూ దానికీ 5 గ్రాముల మెట్టెలో తేడా నీటి బరువులో గ్రాములో 50వ వంతు కూడా ఉండదు. ఒక్క గాలి బుడగ అతుక్కుంటే ఆ తేడా మాయమవుతుంది. బోలు వస్తువులకు, మువ్వలున్నవాటికి ఇది అసలు పనికిరాదు.

గీటురాయి మీద గీసి ఆమ్లం చుక్క వేసి రంగును బట్టి చెప్పే పద్ధతి అనుభవం మీద ఆధారపడేది. చేయి తిరిగినవాళ్లు బాగా దగ్గరగా చెప్తారు. అయినా అది అంచనాయే, అంచనా వేసేవాడే కొనేవాడు కూడా. ఎక్స్‌రే మిషన్ దానికంటే మెరుగు. తెరమీద వెండి, రాగి, జింకు శాతాలు విడివిడిగా కనిపిస్తాయి, ఆ తెర మీకూ చూపించమనండి. దానికున్న పరిమితి, అది పైపొరనే చూస్తుంది. నగను తయారు చేసేటప్పుడు కాల్చి పలచటి ఆమ్లంలో వేసి తెల్లబరుస్తారు. అప్పుడు పైనున్న రాగి కొంత పోయి, లోపలికంటే పైపొరలో వెండి శాతం ఎక్కువగా మిగులుతుంది. వెండి పూత పూసిన వస్తువైతే ఇంకా తప్పు చూపిస్తుంది. దుకాణదారులకు ఇది తెలుసు, కాబట్టి తెరమీద 84 వచ్చినా "లోపల అంత ఉండదమ్మా" అని 75 కడతారు. ఆ మాటలో నిజం ఉండొచ్చు. పరిష్కారం ఏమిటంటే, ఆకురాయితో ఒకచోట పైపొర గీకి, అక్కడ ఒకసారి, అతుకు దగ్గర ఒకసారి, కొక్కెం దగ్గర ఒకసారి చూడమనాలి. మూడు అంకెలు కళ్లముందు ఉంటే బేరం వాటి మధ్యే జరుగుతుంది. బరువు ఎక్కువ ఉన్నప్పుడు వెండికి గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో రుసుము కట్టి పరీక్ష చేయించుకోవడం దండగ కాదు.

కరిగించాక వచ్చే తిరకాసు

అన్నిటికంటే నమ్మకమైన దారి, అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టే దారి కరిగించడం. మూసలో వేసి కొంచెం వెలిగారం చల్లి కరిగించి ముద్ద చేస్తే లక్క, మట్టి, రంగు అన్నీ పోయి లోహం ఒక్కటే మిగులుతుంది. ఆ ముద్దను పరీక్షిస్తే సగటు మేలిమి తెలుస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే ఒక లెక్క నిశ్శబ్దంగా తారుమారవుతుంది, దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంకంలోని జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. అంటే పట్టీలను కరిగిస్తే బరువు తగ్గుతుంది, తగ్గినదాంట్లో ఎక్కువ భాగం జింకు, మట్టి. వెండి మాత్రం దాదాపు అంతే ఉంటుంది, మూసకు అంటుకుని, పొరలో చిక్కుకుని పోయేది కొద్దిగా. మన 60 గ్రాముల పట్టీలు కరిగాక 57 గ్రాముల ముద్ద అయ్యాయనుకోండి. లోపల వెండి అదే 45 గ్రాములు. కాబట్టి ముద్ద మేలిమి ఇప్పుడు 75 కాదు, దాదాపు 79. బరువు తగ్గింది, మేలిమి పెరిగింది, వెండి మారలేదు.

ఇప్పుడు దుకాణదారు కరిగించకముందు చూసిన 75ను, కరిగించిన తర్వాతి 57 గ్రాములతో గుణిస్తే 42.75 గ్రాములు వస్తాయి. రెండుంపావు గ్రాముల వెండి, 225 రూపాయలు, కాగితం మీదే ఆవిరైపోయాయి. కావాలని చేసినా, అలవాటుగా చేసినా ఫలితం ఒకటే. పాటించాల్సిన నియమం సులువు. కరిగించకముందు బరువు పట్టుకుంటే కరిగించకముందు మేలిమే పట్టుకోవాలి. కరిగించాక తూస్తే కరిగించాకే పరీక్షించాలి. రెండింటినీ కలపనివ్వకండి. కరిగించే పని మీ కళ్లముందే జరగాలని, ముద్దను మళ్లీ పరీక్షిస్తారని, ధర నచ్చకపోతే ముద్ద మీకు తిరిగి ఇస్తారని ముందే మాట తీసుకోండి. ఒకసారి ముద్ద అయ్యాక మళ్లీ పట్టీలు కావు కాబట్టి, చిన్న మొత్తానికైతే మిషన్లో చూసి తేల్చుకోవడమే నయం అని నా అభిప్రాయం. లక్క నింపిన కడియాలకు మాత్రం కరిగించడం తప్ప దారి లేదు.

దుకాణం కోత ఎన్ని రూపాల్లో వస్తుంది

దుకాణదారు కూడా బతకాలి. మన దగ్గర కొన్న ముక్కల్ని పోగుచేసి శుద్ధి చేసేవారికి పంపాలి, వాళ్ల ఖర్చు కట్టాలి, ఈలోగా రేటు పడితే భరించాలి. 40 గ్రాములకైనా 4 కిలోలకైనా గీసి చూసే శ్రమ ఒకటే, అందుకే చిన్న మొత్తాలకు కోత శాతం ఎక్కువ. ఇది అర్థం చేసుకోదగ్గదే. కోత ఒకేచోట, ఒకే పేరుతో ఉంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. మామూలుగా అది మూడు చోట్ల దాక్కుంటుంది.

మొదట్లో విన్న 3,670 ఎలా వచ్చిందో చూడండి. అసలు మేలిమి 75 అయితే "70 టచ్" కట్టారు. 60 గ్రాముల్లోంచి తరుగు అని 5 శాతం తీసి 57 చేశారు. రేటు 100 ఉంటే "కొనే రేటు 92" అన్నారు. 57 గ్రాముల్లో 70 శాతం 39.9 గ్రాములు, దాన్ని 92తో గుణిస్తే 3,670. ఒక్కొక్కటిగా వింటే ప్రతిదీ సబబుగానే అనిపిస్తుంది. మూడూ కలిసి 4,500లోంచి 830 రూపాయలు, అంటే 18 శాతానికి పైగా తీసుకున్నాయి. మొదట అడిగిన 2,530 రూపాయల ప్రశ్నకు ఇదీ జవాబు. రాళ్లకు, గింజలకు 200, వెండి కాని లోహానికి 1,500, దుకాణానికి 830.

ఈ మూడింటి మీదా విడివిడిగా బేరమాడితే అలసిపోతాం. ఒకదాంట్లో తగ్గించి ఇంకోదాంట్లో పెంచుతారు. దానికి బదులు ఒక్క అంకె చూడండి. దుకాణం ఇస్తానన్న చివరి మొత్తాన్ని మీరు లెక్కేసుకున్న మేలిమి గ్రాములతో భాగించండి. 3,670ని 45తో భాగిస్తే దాదాపు 81.60. అంటే మేలిమి గ్రాముకు 100 ఉన్న రోజున మీకు ఇస్తున్నది 81.60. ఇంకో దుకాణం "తరుగు లేదు, టచ్ 72, రేటు 95" అంటే 60 గ్రాముల్లో 72 శాతం 43.2, దాన్ని 95తో గుణిస్తే 4,104. 45తో భాగిస్తే 91.20. ఎవరు ఏ పేరుతో ఎంత తీసినా ఈ అంకె ముందు దాగదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో పక్కపక్కనే ఉన్న రెండు మూడు దుకాణాల్లో అడిగి ఈ ఒక్క అంకెనే పోల్చుకుంటే చాలు.

వెళ్లే ముందు ఇంట్లోనే కుప్పలుగా వేరు చేసుకోవడం ఇంతకంటే లాభం. 925 ముద్ర ఉన్న చెవిదుద్దులు, గొలుసు ముక్కలు కలిపి 40 గ్రాములు, 65 టచ్ పట్టీలు 60 గ్రాములు ఉన్నాయనుకోండి. విడిగా అయితే 37 గ్రాములు, 39 గ్రాములు, మొత్తం 76 గ్రాముల వెండి. అన్నీ ఒకే కవర్లో పోసి ఇస్తే, రాయి మీద గీసేది ఏదో ఒక పట్టీ ముక్కనే అయితే, 100 గ్రాములకూ 65 కట్టేస్తారు. 11 గ్రాములు, 1,100 రూపాయలు అలా వెళ్లిపోతాయి. ఒంటరిగా మిగిలిన ఒక చెవిదుద్దు గ్రామున్నర ఉంటే దాని లోహం విలువ 139 రూపాయలే. దానికోసం ఒక్కదాన్నే పట్టుకుని ఆటో ఎక్కొద్దు, తోడు దొరికేదాకా కుప్పలో ఉంచండి.

"మార్చుకుంటే పూర్తి రేటు కడతాం" అనే మాట విన్నప్పుడు కూడా కాలిక్యులేటర్ తీయాలి. 42 గ్రాముల మేలిమికి నగదైతే 90 చొప్పున 3,780, మార్పిడైతే 100 చొప్పున 4,200. 420 లాభంలా ఉంటుంది. కొత్తగా తీసుకునే 40 గ్రాముల వస్తువుకు ఆ దుకాణం మజూరీ గ్రాముకు 25 తీసుకుని, పక్క దుకాణం 12 తీసుకుంటే తేడా 520. లాభం కాస్తా పోయి చేతినుంచి 100 పడింది. పైగా కొత్త వస్తువు పూర్తి విలువ మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది, పాతది మినహాయించిన మిగతా మీద కాదు. మనం ఇంట్లోని పాత వెండి అమ్మినందుకు మాత్రం జీఎస్టీ లేదు, ఆ సంగతి 2017 జులైలోనే కేంద్రం స్పష్టం చేసింది. "పాతదాని మీద జీఎస్టీ పోతుంది" అని ఎవరైనా కోత పెడితే ఒప్పుకోకండి.

కరిగించకూడనివి

డబ్బాలో పాత రూపాయి బిళ్లలు ఉంటే వాటి లెక్క వేరు, ఎందుకంటే వాటి మేలిమి చట్టంలోనే రాసి ఉంది. 1835 నుంచి 1939 దాకా వచ్చిన ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా ఒక పాత తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, అంటే 10.69 గ్రాముల మేలిమి. అర్ధ రూపాయిలో అందులో సగం, పావలాలో నాలుగో వంతు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో బరువు అదే, వెండి సగమే, 5.83 గ్రాములు. 1946 నుంచి నికెల్. సంవత్సరం చదవకుండా అన్నిటికీ ఒకే ధర కట్టేవాళ్లున్నారు, కాబట్టి భూతద్దం పెట్టి అయినా సంవత్సరం చూడండి.

తెలంగాణ ఇళ్లలో నిజాం కాలపు హాలి సిక్కా రూపాయిలు దొరుకుతుంటాయి, చార్మినార్ బొమ్మ ఉన్నవి. అవి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాముల మేలిమి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాటిలోనూ వెండిని సగానికి తగ్గించారు. ఆ రోజుల్లో 7 హాలి రూపాయిలకు 6 బ్రిటిష్ రూపాయిలు మారకం. 10.69ని 9.14తో భాగించి చూడండి, దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. ఆనాటి మారకం రేటు కూడా ఇప్పుడు మనం చేస్తున్న లెక్కకు సరిగ్గా సరిపోతోంది. ఈ నాణేలకు సేకరించేవాళ్లు లోహం విలువకంటే ఎక్కువ ఇచ్చే అవకాశం ఉంది. లోహం విలువ కనీస ధర అనుకుని, నాణేల వ్యాపారి ఒకరికి చూపించాకే ఏదైనా నిర్ణయించండి. చెవి అతికించి హారంలో గుచ్చిన నాణేలకు ఆ అదనపు విలువ బాగా పడిపోతుంది, అయినా వెండి వెండే. కరీంనగర్ వెండి తీగ పని లాంటి చేతి పని ఉన్న భరిణె, పన్నీరు బుడ్డి ఉంటే వాటికీ ఇదే మాట. అంత సన్నగా తీగ లాగాలంటే మేలైన వెండి కావాలి, దాని మీద రోజుల తరబడి పని ఉంటుంది. పాత వెండి కాటా మీద ఆ పనికి పైసా రాదు.

డబ్బు అవసరం తాత్కాలికమైతే అమ్మకుండా తాకట్టు పెట్టే దారి కూడా ఇప్పుడు స్పష్టంగా ఉంది. బంగారం, వెండి తాకట్టు రుణాల మీద రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. ఒక్కొక్కరికి 10 కిలోల వరకు వెండి నగలు, 500 గ్రాముల వరకు వెండి నాణేల మీద రుణం ఇవ్వొచ్చు. రెండున్నర లక్షల లోపు రుణమైతే లోహం విలువలో 85 శాతం దాకా వస్తుంది. వెండి మీద రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం, కానీ ఇస్తే విలువ కట్టే పద్ధతి వాళ్ల ఇష్టం కాదు. మీ వస్తువు మేలిమి ఎంతో, ఆ మేలిమి వెండికి గత 30 రోజుల సగటు ముగింపు ధర, లేదా నిన్నటి ముగింపు ధర, రెండిట్లో ఏది తక్కువైతే అది ఆధారం. ఆ మేలిమికి ధర ప్రకటించి లేకపోతే దగ్గరి మేలిమి ధరను నిష్పత్తి ప్రకారం సవరిస్తారు. రాళ్లకు విలువ లేదు. పరీక్ష మీ ఎదుటే చేయాలి. మొత్తం బరువు, నికర బరువు, మేలిమి, రాళ్లకు, లక్కకు, దారానికి, కొక్కేలకు ఎంత తీశారన్నది విడివిడిగా కాగితం మీద రాసి ఇవ్వాలి.

పాత వెండి కొనే దుకాణాన్ని ఇలాంటి కాగితం ఇవ్వమని ఈ ఆదేశాలు బలవంతపెట్టవు. అయినా అడగడానికి అడ్డేమీ లేదు. మొత్తం బరువు, నికర బరువు, టచ్, రేటు అని నాలుగు వరుసలు ఒక చీటీ మీద రాయమనండి. అమ్మకం కుదిరితే దుకాణం వాళ్లు పదివేలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వడానికి సాధారణంగా ఇష్టపడరు, ఆదాయపన్ను లెక్కల్లో వాళ్లకు ఇబ్బంది కాబట్టి. మీ బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్ నకలు వెంట ఉంచుకోండి. చీటీ రాయడానికి ఇష్టపడని చోట వస్తువును తిరిగి కవర్లో పెట్టుకుని పక్క దుకాణానికి వెళ్లండి.